క్రాన్‌బెర్రీలూ, కోసేసిన నాలుగు లైన్లూ

మార్చి 3, సోమవారం

ఉ. 7.10. బీపీ 168/104. పన్ను సలుపు: భరించవచ్చు. అంటే, భరించలేను.

శనివారం పళ్ల డాక్టరు నా నోరు తెరిపించాడు, చేతికి పట్టీ చుట్టాడు, అంకె చూసి మళ్లీ నోరు మూయించాడు. "బీపీ నూట యాభై లోపుకి రాకుండా ఈ దవడ పన్ను ముట్టుకోను. పదిహేనో తారీఖున రండి" అన్నాడు.

భయమెందుకు? ఇవాళ్టి పేపర్లో మన ఆరోగ్యం పేజీ ఉందిగా! "క్రాన్‌బెర్రీ తినండి... బీపీ మాత్రకు టాటా చెప్పండి!" ఆ హెడ్డింగు ఎవరిది? నాదే! వార్తల ఏజెన్సీ వాళ్లు "క్రాన్‌బెర్రీ రసం, రక్తపోటు: ప్రాథమిక పరిశీలన" అని పంపారు. అలా వేస్తే ఆ పరిశోధకుడి కన్నతల్లి కూడా చదవదు. ఆఖరి నిమిషంలో పరుపుల ప్రకటన వచ్చిపడింది. చివరి నాలుగు లైన్లు లేపేశాను. కింది నుంచి కోయడం సబ్ ఎడిటర్‌గా నాకు పాతికేళ్ల అలవాటు. ఏం కోశానో చూసుకునే అలవాటు మాత్రం లేదు.

తీర్మానాలు:
1. ఉదయం గుప్పెడు క్రాన్‌బెర్రీలు, సాయంత్రం గ్లాసు రసం.
2. ఉప్పు తగ్గింపు. చిప్స్ ఊసెత్తను.
3. మాత్ర బంద్. రెండూ మింగితే ఘనత దేనిదో ఎలా తెలుస్తుంది? పరిశోధన అంటే పరిశోధనే!

మూడోది మా ఆవిడకి చెప్పలేదు. మావగారి దగ్గర మాత్రం గొప్పగా చెప్పుకున్నాను. మాతోనే ఉంటారు, ఆయనకీ బీపీయే. పేపర్లోంచి తలెత్తలేదు. వినికిడి మిషన్ పెట్టుకున్నారో లేదో!

మార్చి 4, మంగళవారం

రసం తాగాను. అప్పటి నా మొహాన్ని మా ఆవిడ ఫోటో తీసి వాళ్ల చెల్లెలికి పంపింది.

బీపీ 164/102. ఒక్క రోజులో నాలుగు పాయింట్లు! ఈ లెక్కన నలభై ఒక్క రోజుల్లో సున్నా. మధ్యలో ఎక్కడో ఆపుకోవాలి.

మార్చి 6, గురువారం

172. బీపీ మిషన్ తప్పు. చెయ్యి మార్చాను: 169. కుర్చీ మార్చాను: 166. అదే రాసుకున్నాను. తేడా కుర్చీలోనే ఉంది.

రసం పులుపు సరాసరి పన్నులోకి దిగుతోంది. అందుకని చక్కెర పట్టించిన ఎండు క్రాన్‌బెర్రీలకి మారాను. ఏదైనా పండు పండేగా.

మార్చి 8, శనివారం

ఆఫీసు సొరుగులో పెట్టిన ప్యాకెట్ సాయంత్రం అయిదింటికల్లా ఖాళీ. అంత తీపికి విరుగుడు ఉండాలని ప్రూఫ్ రీడర్ దగ్గర రెండు చిప్స్ తీసుకున్నాను. తర్వాత ఇంకో రెండు. తర్వాత ప్యాకెట్టే ఇటు జరపమన్నాను.

ఇంట్లో డబ్బా కూడా తగ్గిపోతోంది. మా ఆవిడని అడిగితే, "నాకు మీ పిచ్చితోనే సరిపోతోందండీ. అవి నేనెందుకు తింటాను?" అంది. మరి ఎవరు? ఎలుకలా?

మార్చి 10, సోమవారం

బీపీ చూసుకోలేదు. టీవీ రిమోట్ పనిచేయడం లేదని మావగారంటే బీపీ మిషన్‌లోని బ్యాటరీలు తీసి అందులో వేశాను. త్యాగం!

రసం సీసా ఫ్రిజ్‌లోనే ఉంది. మా ఇద్దరికీ మాటల్లేవు. చిప్స్ వాడకం ఒప్పుకోదగ్గ స్థాయి దాటింది. మాత్ర మాత్రం ఒక్కరోజు కూడా వేసుకోలేదు. ఒక్క తీర్మానమైనా నిలబెట్టుకుంటున్నానని నా మీద నాకే గౌరవం పెరిగింది.

మార్చి 12, బుధవారం

ఉ. 8.40. మావగారు స్నానాల గది గుమ్మంలో కూలబడిపోయారు. రిమోట్‌లోంచి బ్యాటరీలు పీకి, బీపీ మిషన్‌లో వేసి చూశాను. 204/112. కుర్చీ మార్చే ధైర్యం చేయలేదు.

9.30. ఆసుపత్రి.

"మాత్ర వేసుకోవడం లేదా?" డాక్టరు అడిగాడు.

"మానేసి తొమ్మిది రోజులైందండీ."

"ఎవరు మానమన్నారు?"

మావగారు చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. "మా అల్లుడుగారు రాశారండీ. అచ్చులో వచ్చింది. ఆయన కూడా మానేశారు."

నీటుగా, పరుపుల ప్రకటనతో సహా కత్తిరించుకున్నారు. డబ్బా ఖాళీ చేసిన ఎలుక ఎవరో కూడా తెలిసిపోయింది.

మా ఆవిడ నన్ను చూసింది. ఆ కాగితం మడిచి నా జేబులో పెట్టింది. తిట్టినా బాగుండేది.

సాయంత్రానికి గండం గడిచిందన్నారు. నాకు సిగ్గుగా ఉంది.

మార్చి 13, గురువారం

ఏజెన్సీ పంపిన కాపీ వెతికి తీశాను. నేను కోసేసిన నాలుగు లైన్లు ఇవి: "పాల్గొన్నవారు కొద్దిమందే. తగ్గుదల స్వల్పం. తీపి కలిపిన ఎండు పండ్లను పరీక్షించలేదు. డాక్టరును అడగకుండా మాత్రలు మానకూడదు."

సవరణ వేద్దామని డెస్క్ ఇన్‌ఛార్జిని అడిగాను.

"ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

"ఒకాయన కూలబడిపోయారు సార్."

"ఎవరాయన?"

"మా మావగారు."

"ఇంట్లో మనిషేగా! నోటితో చెప్పెయ్యి" అని నవ్వాడు.

ఆ నవ్వు చూసి ఒళ్లు మండింది. పేజీ పెట్టేది నేనే కాబట్టి ఆ నాలుగు లైన్లూ రేపటి పేజీలో పైన, మొట్టమొదట పెట్టాను. కింద ఎన్ని పరుపులు వచ్చి పడినా అక్కడిదాకా కత్తి రాదు.

మార్చి 14, శుక్రవారం

ఉ. 7.30. మావగారు నిన్న రాత్రే ఇంటికొచ్చేశారు. పేపరు పై నుంచి కిందిదాకా చదివి, కత్తెర తెచ్చుకుని కత్తిరించారు.

"ఇదీ మీరే రాశారా?"

"అవునండీ."

"మరి దీన్ని నమ్మచ్చా?"

పన్ను కూడా ఇంతలా ఎప్పుడూ సలపలేదు.

తీర్మానాలు, మళ్లీ మొదటి నుంచి:
1. మాత్ర. రోజూ ఎనిమిదింటికి, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని.
2. చిప్స్ బంద్. రేపటి నుంచి. ఇవాళ్టి ప్యాకెట్ తెరిచేసి ఉంది.
3. పళ్ల డాక్టరుని ఇంకో రెండు వారాల గడువు అడగాలి.

8.00. మావగారు మాత్ర అరచేతిలో పెట్టుకుని నా వైపే చూస్తున్నారు.

"ముందు మీరు వేసుకోండి" అన్నారు.

వేసుకున్నాను. నీళ్లు తాగాను.

"ఏదీ, నోరు తెరవండి."

తెరిచాను. కళ్లజోడు సర్దుకుని, నాలుక కింద కూడా చూసి, అప్పుడు తన మాత్ర వేసుకున్నారు.