ఐస్ పెట్టని ట్యూబు

జనవరి 19, సోమవారం

మధ్యాహ్నం విశాఖ ఆసుపత్రి డాక్టరుగారు ఫోన్ చేశారు. నా భార్య పద్మ రక్తం కొంత, పోయే ముందు ఆమె కాలేయం నుంచి తీసిన చిన్న ముక్క ఇంకా ఫ్రీజర్‌లో ఉన్నాయట. ఒంట్లో వాపు మొదలైతే కణాలు ఒకదానికొకటి కబురుగా పంపుకునే ఇంటర్‌ల్యూకిన్-6ను ఆ రెండింటిలోనూ కొలుస్తారట. అరకు నుంచి నేను పంపిన మొదటి ట్యూబులో అది అంత తక్కువ ఎందుకు వచ్చిందో తేల్చాలట. నా సంతకం కావాలి.

ఆ తక్కువ అంకె చూసే, విశాఖ పంపకుండా ఇక్కడే ఒక రోజు ఉంచి చూద్దామని అరకు డాక్టర్లు అన్నారు. ఆ ఒక్క రోజులో జబ్బు చేయి దాటిపోయింది.

అత్త అడిగింది. "ఏటి అల్లుడూ, దాని నెత్తురు ఇంకా ఆళ్ల కాడే ఉన్నాదా?"

"ఉంది అత్తా."

"బతికుండగా సూడనోళ్లు ఇప్పుడేటి సూత్తారట?"

ఆమె వాళ్లను తిడుతుంటే వింటూ కూర్చున్నాను. పదిహేనేళ్లుగా నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. డిసెంబరులో ఇక్కడ నీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటాయి. చలికాలం ట్యూబుకు ఐస్ అక్కర్లేదనుకోవడం మా ల్యాబులో అందరికీ అలవాటు. పద్మ ట్యూబునూ ఆ రోజు అలాగే సంచిలో పెట్టి జీపులో విశాఖ పంపాను. ఘాట్ రోడ్డు దిగాక కింద అంతా ఎండేనన్నది, ఆ వేడికి ట్యూబులో ఇంటర్‌ల్యూకిన్ తరిగిపోయి అంకె తక్కువ రావచ్చన్నది నాకు తెలియనిది కాదు.

సాయంత్రం నేనే ఫోన్ చేసి, ఐస్ పెట్టలేదని డాక్టరుగారికి చెప్పాను. ఆయన, "కొలిచి చూద్దాం, సంతకం పెట్టి పంపండి" అన్నారు. పెట్టాను.

అత్తకు ఇంకా చెప్పలేదు. రాత్రి నాకు ఎప్పటికంటే ఎక్కువే వడ్డించింది. తిన్నాను.