బకెట్ మూత తీయకండి

ఏవండీ,

మీరు వాకింగ్ నుంచి వచ్చేసరికి నేను బస్సులో ఉంటాను. కోళ్లకి టీకా మందు తేవడానికి పశువుల ఆసుపత్రికి వెళ్తున్నాను. స్నానాల గదిలో గంప కింద ఉన్న ఎర్రకోడికి జలుబు ఇంకా తగ్గలేదు. దాని నీళ్లు మార్చి, బల్ల మీదున్న మందు ఐదు చుక్కలు కలపండి. ఆ చేతులు సబ్బుతో కడుక్కున్నాకే మిగతా కోళ్ల దగ్గరికి వెళ్లండి. అది గుడ్డు పెడితే ఆమ్లెట్ వేసుకునేరు! డాక్టరు సరేననేదాకా తినకూడదు.

పెరట్లో మూతపెట్టిన బకెట్ జోలికి మాత్రం వెళ్లకండి. అందులో ఉన్నవి కోళ్ల మేతకని నేను పెంచుతున్న పురుగులు. కిందటిసారి మీరు సాయం చేద్దామని బకెట్ ఫినాయిలుతో తళతళా కడిగేశారు. మూడు వారాల నా కష్టం నీళ్లపాలు. పైగా మెచ్చుకోలేదని అలిగారు కూడా!

అన్నట్టు, కోళ్లంటే కంపు అని సణిగే మీరు నిన్న ఎర్రకోడి పక్కన పీట వేసుకుని పేపరు చదివి వినిపించడం తలుపు సందులోంచి చూశాను. నేను పెడితే ముట్టనిది, మీరు చదువుతుంటే గిన్నె ఖాళీ చేసింది. నాకలా చదివి వినిపించి ఎన్నేళ్లయిందో!

ఇవాళ ఆటల పేజీ నాకోసం అట్టేపెట్టండి.