సుచరిత కైరో వంటల పంపకం

దూసి పరబ్రహ్మం అనే నేను, వయసు డెబ్బై ఒకటి, రైల్వే సిగ్నల్ విభాగంలో ఆఫీస్ సూపరింటెండెంట్‌గా రిటైరైనవాణ్ణి, ఖరగ్‌పూర్ పూరీ గేట్ నివాసిని, ఈ పత్రాన్ని సొంత చేతిరాతతో రాస్తున్నాను. మతి స్థిమితంగా ఉంది. డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను. ఎవరూ బలవంతపెట్టలేదు. తొందరపెట్టినవారు ఒక్కరే, మిత్రుడు విఘ్నేశ్వర్, రిటైర్డ్ గార్డు. పత్రం అమలు చేయాల్సింది కూడా ఆయనే కాబట్టి క్షమిస్తున్నాను.

నా భార్య సుచరిత రెండేళ్ళ క్రితం మార్గశిరంలో పోయింది. నా ఆస్తి ఒక పేజీలో అయిపోతుంది. ఆమె ఆస్తి వంటగది. అందుకే ఈ పత్రం ఇంత పొడుగైంది.

1. పూరీ గేట్‌లోని ఇల్లు, నా స్వార్జితం, నా తదనంతరం మా ఏకైక కుమార్తె ఆమనికి సర్వహక్కులతో చెందుతుంది. పెరట్లో కొత్తిమీర మడి, సోయకూర మడి ఇంటిలో భాగమే. వాటి మీద టైల్స్ వేయించరాదు. అల్లుడు గోపికి ఆ ఆలోచన ఉన్నట్టు నాకు తెలుసు.

2. ఈ వంటలు మాకు సంక్రమించిన వైనం ఇక్కడ నమోదు చేస్తున్నాను. 1993 నుంచి నాలుగేళ్ళు సిగ్నలింగ్ పని మీద డెప్యుటేషన్‌పై కైరోలో ఉన్నాం. షుబ్రా పేటలో మా పై వాటా మదామ్ నాదియాది. వాళ్ళు కోప్టిక్ క్రైస్తవులు. క్రిస్మస్‌కు ముందు నలభై మూడు రోజులు ఉపవాస నియమం, మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. మేం శాకాహారులం. ఆ నలభై మూడు రోజులూ, చేపలు తప్ప, ఆ ఇంట్లో వండినవన్నీ మేం తినగలిగేవే. సుచరితకు అరబ్బీ రాదు, నాదియాకు తెలుగు రాదు. మధ్యలో పొయ్యి ఉంది. మొదటి చలికాలం పూర్తయ్యేసరికి ఎర్ర మసూర్ పప్పు చారు, క్యాబేజీ ఆకుల్లో సోయకూర కలిపిన బియ్యం చుట్టి ఉడికించే మహషీ, పాలకూర కొత్తిమీరతో చేమదుంపల కుల్‌కాస్, ఇవన్నీ మా ఇంట్లో దిగాయి. అక్కడ చలి డిసెంబరులో మన ఖరగ్‌పూర్ చలిలాగే ఉంటుంది. తిరిగివచ్చాక కూడా ఆమె వాటిని చలికాలంలోనే వండేది. మార్చిలో అడిగితే ఇచ్చేది కాదు. నేను అడిగి చూశాను.

3. నా స్కూటరు, ట్రాన్సిస్టరు, అంచు ఎత్తుగా ఉన్న పెద్ద స్టీలు కంచం గోపికి చెందుతాయి. అన్నం, పప్పు, మాకరోనీ కలిపి, పైన టమాటా పులుసు పోసి, వేయించిన ఉల్లిపాయలు చల్లే కోషరీని అతను మొదటిసారి చూసి, "అత్తా, పెళ్ళిలో మిగిలినవన్నీ కలిపీసినట్టుందేటి ఇది!" అన్నాడు. సుచరిత నవ్వింది. నేను నవ్వలేదు. ఆ కంచంలో అతను మూడుసార్లు పెట్టించుకున్నాడు. కంచం వెళ్ళవలసిన చోటికే వెళుతోంది.

4. వరండాలోని కాన్వాస్ కుర్చీ విఘ్నేశ్వర్‌కు. పదకొండేళ్ళుగా అందులో ఇంకెవరూ కూర్చోలేదు. ఇప్పటికే అది ఆయన ఆకారానికి వచ్చింది. ఇంకొకరికి రాసినా కూర్చోలేరు.

5. డిసెంబరు, జనవరి ఆదివారాల్లో సాయంత్రం మా గుమ్మంలో మసూర్ చారు డేగిసా పెట్టేవాళ్ళం. గ్లాసు తెచ్చుకున్నవారికి గ్లాసుడు, నిమ్మ చెక్క ఒకటి. పక్కింటి బెంగాలీ దీదీ ఏటా మొదటి గ్లాసు తాగి, ఏటా అదే మాట అనేది. "ఏ తో ఆమాదేర్ ముసుర్ డాల్ గో, షుధు పాస్‌పోర్ట్ ఆఛే." మా పప్పే కదమ్మా, పాస్‌పోర్టు ఒక్కటే ఎక్కువ అని. ఇరవై నాలుగేళ్ళు సుచరిత, దీదీ ఇద్దరూ ఈ విషయం తేల్చుకోలేదు. దీదీ పెద్ద గ్లాసు తెచ్చుకునేది. నిమ్మ చెక్కలు రెండు తీసుకునేది. డేగిసా ఆమనికి. పై పద్ధతి ఆమె కొనసాగించగలదని ఆశ. దీదీకి రెండు చెక్కలు.

6. సుచరిత వంటల నోటుపుస్తకం, అంటే ఆమె వంటలు రాసుకున్న పాత రైల్వే డైరీ, ఆమనికి. ఆమె లెక్కల టీచరు. పుస్తకం చూసి, "తగినంత అంటే ఎంత నాన్నా, ఎన్ని గ్రాములు?" అని అడిగింది. నాకు తెలియదు. అంతకంటే పెద్ద లోపం ఒకటి ఉంది. చేమదుంపల కుల్‌కాస్ సుచరితకు అన్నిటికంటే ఇష్టమైన వంట. ఆ పేజీలో పైన పేరు, కింద ఒక్కటే వాక్యం: "వాసంతికి చెప్పాను."

వాసంతి సుచరిత చెల్లెలు, సుభాష్‌పల్లిలో ఉంటుంది. రెండేళ్ళుగా నాతో మాట్లాడదు.

నిరుడు సంవత్సరీకానికి ఆ వంటే పెట్టాలని పట్టుపట్టాను. పోయినవారికి ఇష్టమైనది వండటం మన ఆచారం. పురోహితుడు గారు వెల్లుల్లి కూడదన్నారు, తీసేశాను. వంటమనిషికి ఆ కూర తెలియదు కనుక నేనే వండాను. బజారులో అన్నిటికంటే పెద్ద దుంపలు ఏరి తెచ్చాను. తొక్క తీసి, ఆఫీసు శుభ్రతతో, మూడు నీళ్ళలో కడిగాను. రెండో ముద్దకే భోక్తలిద్దరికీ గొంతు దురద పట్టుకుంది. పురోహితుడు గారు కూడా రుచి చూసి ఉన్నారు. మజ్జిగ చెంబు పట్టుకుని, "పరబ్రహ్మం గారూ, మంత్రం సెప్పాలంటే గొంతుండాల కదండీ! అమ్మగారు తృప్తి పడినారో లేదో గాని, మేం ముగ్గురం గోక్కుంటన్నాం" అన్నారు. కార్యక్రమం ముప్పావు గంట ఆగింది. ఈ నెల ఇరవయ్యో తేదీన తద్దినం. గోపి నిన్న ఫోన్ చేసి, "మావయ్యా, ఈపాలి మజ్జిగ డ్రమ్ముతో సెప్పమంటారా?" అని అడిగాడు. అతనికి రాసిన ట్రాన్సిస్టరు వెనక్కి తీసుకుందామనుకున్నాను. బ్యాటరీలు మాత్రం తీసేస్తున్నాను.

ఆ పేజీ నింపగలిగిన మనిషి ఒక్కతే ఉంది. నింపకపోతే ఆ వంట వాసంతితో, దాని రుచి నాతో పోతాయి.

7. మిగిలిన వంటగది అంతా, అంటే కైరో నుంచి సుచరిత విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన రాగి కూజా, ఇత్తడి రోలు, మూకుళ్ళు, క్యాబేజీ ఆకులు చుట్టే పీట, జీలకర్ర వేయించే చిన్న పెనం, నా తదనంతరం మరదలు వాసంతికి చెందుతాయి. షరతు ఒక్కటే. కుల్‌కాస్ ఆమనికి నేర్పాలి.

ఈ క్లాజుకు కారణం రాయమని విఘ్నేశ్వర్ అన్నారు. రాస్తున్నాను.

పదమూడు రోజులూ పూర్తయి బంధువులు వెళ్ళిపోయిన సాయంత్రం, వాసంతి మా పొయ్యి మీద మసూర్ చారు కాచింది. గ్లాసులో పోసి ఇచ్చింది. నేను ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, "జీలకర్ర మాడింది" అన్నాను. ఆమె పొయ్యి ఆపి, కొంగుతో చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు ఆమనితో, "మీ నాన్నకి నా సేతి వంట సయించదులే, నేనింక ఆ గుమ్మం తొక్కను" అందట. న్యాయమే.

ఇందుమూలంగా తెలియజేసేది ఏమంటే, జీలకర్ర మాడలేదు. ఆ చారు అచ్చం సుచరిత కాచినట్టే ఉంది. నాకు మింగుడు పడలేదు. ఏదో ఒకటి అనాలి కనుక జీలకర్రను అన్నాను. నా సర్వీసులో తప్పుడు రిపోర్టు అదొక్కటే. ఉపసంహరించుకుంటున్నాను.

8. నా దహనానికి ఆడంబరం వద్దు. చలికాలమైతే వచ్చినవారికి టీ బదులు మసూర్ చారు పోయాలి. నా సంవత్సరీకానికి చేమదుంపలు పెట్టరాదు. భోక్తలు రారు.

సవరణ. పై క్లాజులు శుక్రవారం రాశాను. శనివారం పొద్దున్న విఘ్నేశ్వర్ తన కుర్చీలో కూర్చుని అంతా చదివి, కళ్ళద్దాలు తీశారు. "బాగుందండి. మీరు పోయేక ఇది సుభాష్‌పల్లి పట్టికెళ్ళి నేను సదువుతాను. వాసంతమ్మ గారు ఏడుస్తారు. ఏడిసి సారు కాస్తారు. అప్పుడది ఎవరికి పోస్తారేటి, నాకా?"

ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళు రాసినవాణ్ణి. వెంటనే కాగితం, పెన్ను తీసుకున్నాను.

ఏడో క్లాజు నకలు రాసి ఆమని చేత పంపాను. వాసంతి నిలబడే రెండుసార్లు చదివిందట. మడిచి బియ్యం డబ్బాలో పెట్టిందట. డబ్బా మూత బిగించిందట. తర్వాత చెప్పిన మాటలు ఆమని రాసుకుని వచ్చింది. యథాతథంగా:

"బావని ఈ రాతలు మానీమను. రేపు పొద్దున్నే గోల్‌బజార్ ఎల్లి దుంపలు తెమ్మను. సిన్నవి తెమ్మను, గుమ్మడికాయలంతవి కాదు. తొక్క తీసేక నీళ్ళు తగలనీకండి, కడిగితే జిల ఎక్కువవుద్ది. నిమ్మకాయ, ఉప్పు రాసి ఉంచాల. నేనొచ్చీదాకా ఎవరూ ముట్టుకోకండి. తద్దినం లోపు రెండుపాలు సేసి సూద్దాం. నువ్వు కాగితం పెన్సిలు తెచ్చుకో, గ్రాములూ అవీ నీ ఇష్టం. మీ నాన్న మాత్రం పొయ్యి దగ్గరికి రాకూడదు. గ్లాసు పట్టుకుని వరండాలో కూకోమను."

దుంపలు తెచ్చాను. కేజీన్నర. చిన్నవి.

కావున ఏడో క్లాజులో "నా తదనంతరం" అన్న మాటలను ఈ రోజు సాక్షుల ఎదుట కొట్టివేసి, పక్కన సంతకం చేశాను. వంటగది ఈ ఉదయం ఎనిమిదిన్నర నుంచే వాసంతి స్వాధీనంలో ఉంది. మిగతా క్లాజులకు తొందర లేదు.

ఖరగ్‌పూర్, పూరీ గేట్,
డిసెంబరు 8, 2024, ఆదివారం.

(సంతకం) దూసి పరబ్రహ్మం

పై వ్యక్తి మా ఎదుట, వరండాలో కూర్చుని, పూర్తి స్పృహతో సంతకం చేసినట్టు సాక్షులం:

1. సుందర్ రాజు, రిటైర్డ్ లోకో పైలట్, నిమ్‌పురా
2. సూసన్న, రిటైర్డ్ ఉపాధ్యాయిని, పూరీ గేట్