ఎరువు వెయ్యని వరుస

కడియం

సత్యశ్రీ మేడం గారికి,

నర్సరీలో మీ తుమ్మ మొక్కలకు నీళ్లు పోసే మనిషిని, నమస్కారం చేసి రాస్తున్నానండి. ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు.

మూడు వరుసల కుండీలకు సూపర్ ఫాస్ఫేట్ వేసి, నాలుగో వరుసకు వట్టి నీళ్లే పొయ్యమన్నారు. తేడా కొలవాలన్నారు. అలాగేనండి అన్నాను. కానీ పొద్దుటి మంచులో ఆ వరుస ముందు నిలబడితే, ఆకు వేసుకుని బంతిలో కూర్చున్నవాళ్లను దాటేసి పక్కవాళ్లకు వడ్డిస్తున్నట్టే ఉండేది. కలలో కూడా అవి నా చేతివంకే చూసేవి. ఆగలేక రెండు నెలలుగా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి పోశాను. ఇప్పుడవి ఎరువు తిన్నవాటితో సమానంగా గాలికి ఊగుతున్నాయి.

ఎల్లుండి కొలతలకు వస్తున్నారట. అవి ఏమీ వెయ్యకుండానే ఎదిగాయని మాత్రం రాసుకోకండి, మీ పరిశోధన తప్పయిపోతుంది.

ఆ వరుసలో చివరి కుండీ దాకా ఏ రోజూ ఆ బియ్యం నీళ్లు మిగల్లేదండి, దానికి మీరు చెప్పిన వట్టి నీళ్లే పోశాను. అది జానెడు కూడా ఎదగలేదు. మీకు పనికొచ్చే మొక్క అదొక్కటే. దాన్ని కొలిచేశాక నాకొక్క మాట చెప్పండి. ఆ రోజు వడ్డన దాని దగ్గరే మొదలుపెడతాను.