నెలాఖరుకి వస్తుంది

ప్రియమైన చిట్టికి,

అన్నయ్య రాస్తున్నాను. నీ ఉత్తరం అందింది. మీ వదిన పోయి నాలుగు నెలలు. లాండ్రీ షాపులో పని ఉంది. ప్యాంట్ల అంచులు మడిచి కుడతాను, జిప్పులు మారుస్తాను. నోరు తెరవక్కర్లేని పని.

ఊరి అవతల మనవాళ్ళ పేటకి మారమన్నావు. ఇరవై రెండేళ్ళ కిందట షాపు దగ్గరని ఈ తెల్లవాళ్ళ వీధికి అద్దెకి వచ్చాం. పిల్లల్లేరు కాబట్టి బడి చూసుకునే పని లేకపోయింది. కిటికీ పెద్దదని మీ వదిన ముచ్చటపడింది. ఏడాది తిరక్కుండా రెండు పక్కలవాళ్ళూ ఇల్లు అమ్మకానికి బోర్డు పెట్టారు. "మన రంగు చూసి కాదులెండి, వాళ్ళకేదో పనుండి ఉంటుంది" అనేది. తర్వాత వచ్చినవాళ్ళూ తెల్లవాళ్ళే. ఎదురైతే తల ఊపుతారు. నేనూ ఊపుతాను. ఆవిడ పోయిన సంగతి వాళ్ళెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

రూము చూడు. మారతాను.

మీ అన్నయ్య

*

అన్నయ్యా,

ఆ ఒక్క మాట నీచేత రాయించడానికి నాకు ఆరు ఉత్తరాలు పట్టింది! ఫోన్ చేస్తే "ఊఁ" తప్ప ఇంకేం అనవు కదా. ఇక్కడ రెండు గదుల్లో ఏడుగురం, అత్తగారు వంటింట్లో పడుకుంటోంది. లేకపోతే నిన్ను పరాయివాళ్ళింట్లో పెడతానా? మీ బావ స్నేహితుడి ద్వారా ఆ పేటలో మేడమీద గది దొరికింది. మనవాళ్ళే, మన భాషే. జ్వరమొచ్చి మూలిగితే అర్థమయ్యేవాళ్ళు ఉండొద్దూ?

ఒకటి జరిగింది. తిట్టనని ఒట్టేసుకుని చదువు. ఇంటాయన ఫోన్లో "ఎంతమంది?" అన్నాడు. "మా అన్నయ్య ఒక్కడే" అన్నాను. "ఒంటరి మగాళ్ళకి ఇవ్వమమ్మా, ఆడపిల్లలున్న ఇల్లు" అన్నాడు. "అరవై ఎనిమిదేళ్ళవాడండీ! సూదిలో దారం ఎక్కించడానికే చూపు ఆనదు, మీ పిల్లల్నేం చూస్తాడు!" అన్నాను. నవ్వాడు గానీ ఫోన్ పెట్టెయ్యబోయాడు. అప్పటికే నలుగురు ఇదే పాట పాడారు. నోట్లోంచి ఊడిపడింది: "వదిన వాళ్ళక్కకి బాగాలేదని ఊరెళ్ళిందండీ, నెలాఖరుకి వస్తుంది." వెంటనే గది నీదే అన్నాడు. తర్వాతి సంగతి తర్వాత. ముందు సామాను సర్దు.

నీ చిట్టి

*

ప్రియమైన చిట్టికి,

కొత్త గదిలోంచి రాస్తున్నాను. తిట్టడం నాకు రాదు, తెలుసుగా. షాపుకి రెండు బస్సులు మారాలి. పొద్దున్నే కింద మన మాటలు వినిపిస్తాయి. "ఒసేయ్, సబ్బెక్కడ పెట్టావే?" అని పిల్లలు పోట్లాడుకుంటారు. మెట్లమీద ఆగి వింటున్నాను.

ఇంటావిడ రోజూ అడుగుతుంది. "అన్నయ్యగారూ, వదినగారు ఎప్పుడొస్తారు?" నెలాఖరుకి అంటాను. "వాళ్ళక్కగారికెలా ఉంది?" కొంచెం నయం అంటాను. మొన్న "ఆవిడకి మెట్లెక్కడం కష్టమా?" అంది. మోకాళ్ళ నొప్పులన్నాను. అది నిజమేగా. మర్నాడు షాపునుంచి వచ్చేసరికి ఇంటాయన మెట్ల పక్కన పట్టుకోవడానికి ఇనప కడ్డీ బిగిస్తున్నాడు.

ఏం చెయ్యమంటావు?

మీ అన్నయ్య

*

అన్నయ్యా,

నెలాఖరు దాటి పది రోజులు. ఇంటాయన మీ బావకి ఫోన్ చేశాడు. ఈయన "విమానం టికెట్లు దొరకలేదటండీ" అని చెప్పి, నావైపు ఒక చూపు చూశాడు. ఇంక లాభం లేదు. అక్కడే హఠాత్తుగా పోయిందని చెప్పెయ్. వారం రోజులు షాపు మానేసి గదిలో కూర్చో. దుఃఖంలో ఉన్నవాణ్ణి ఎవరూ ఖాళీ చెయ్యమనరు. ఏడవడం నీకు రాదు. తల దించుకో చాలు, అది నీకు బాగా వచ్చు.

ఇది రాయడం నాకు సరదా అనుకోకు. నువ్వు మాత్రం మళ్ళీ ఆ వీధికి పోకూడదు. అంతే.

చిట్టి

*

ప్రియమైన చిట్టికి,

నువ్వు చెప్పినట్టే చెబుదామని కిందికి దిగాను. ఇంటావిడ బట్టలు మడతపెడుతోంది. "మా ఆవిడ పోయింది" అన్నాను. "అయ్యో! ఎప్పుడు?" అంది. అప్పుడు "నిన్న" అనాలి. నోరు రాలేదు. "ఆర్నెల్లు దాటింది" అన్నాను.

ఆవిడ మడతపెడుతున్న బట్ట పక్కన పెట్టేసింది. తర్వాత, "మరి నేనడిగినప్పుడల్లా నవ్వుతూ చెప్పేవారు కదా" అంది. నవ్వేవాణ్ణని నాకు తెలీదు చిట్టీ.

ఇంటాయన చెడ్డవాడు కాదు. "మీమీద కోపం లేదండీ, కానీ మా ఇంటి పద్ధతి అది" అన్నాడు. ఒకటో తారీఖున ఖాళీ చేస్తున్నాను. అక్కడ రంగు కలవలేదు, ఇక్కడ మనుషుల లెక్క కలవలేదు. పాత గది ఇంకా ఖాళీగానే ఉంది. వెళ్ళి అడిగాను. ఆ యజమాని ఎంతమందని అడగకుండానే తాళంచెవి చేతిలో పెట్టాడు. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. ఇక్కడ నెల పైన రోజూ అడిగారు. అలవాటైపోయింది.

ఇంక గదులు వెతక్కు. ఒక్క పని చెయ్యి. మీ వదిన ఉన్నన్నాళ్ళూ నీ ఉత్తరం చివర "వదినను అడిగానని చెప్పు" అని రాసేదానివి. తర్వాత మానేశావు. తప్పని కాదు. మళ్ళీ రాయి.

నేను చెబుతాను.

మీ అన్నయ్య