పలక లేని పాట

ఉదయగిరి,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక.

నా కరుణకు,

మీ తాత రాస్తున్నాను. ఫోన్ చేస్తే నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు, మీ అవ్వ ఫోన్ లాక్కుంటుంది. అందుకని రాస్తున్నాను. నా అక్షరాలు బైబిలు చదవడానికి నేర్చుకున్నవి, వంకరగా ఉంటాయి. ఓపిక చేసుకుని చదువు.

నువ్వు పంపిన పాట విన్నాను. ఎండాకాలం బెంగళూరు నుంచి వచ్చి, నన్ను కొండ కింద బండ మీద నిలబెట్టి, చెవులకు పెద్ద డిప్పలు తగిలించుకుని నా పలక డప్పు దరువు మిషనులో పట్టుకుపోయావే, ఆ పాట. మంట వేసి తోలు కాచి, వేళ్ళు బొబ్బలెక్కేదాకా వాయించాను. బస్టాండు దగ్గర టీ అంగట్లో అందరినీ కూర్చోబెట్టి, మీ అవ్వ ఫోన్లో పెట్టించి, "నా మనవరాలు చేసిన పాట. వాయించింది నేను" అని చెప్పాను. పాట నడిచింది. గాలి వీచినట్టు, రేకు మీద చినుకులు పడినట్టు ఏదో వచ్చింది. పలక ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని చూశాను. పాటే అయిపోయింది.

కోటేశ్వర్ నా ఈడువాడు, ఊరుకుంటాడా. "ఏందిరా సిద్ధయ్యా, నీ పలక యాడ? మేకతోలు గదా, మళ్ళా మేకయి కొండెక్కిందా?" అన్నాడు. అంగడంతా నవ్వింది. టీ తాగకుండా లేచి వచ్చేశాను.

పాటతో పాటు నువ్వు పంపిన రాత కూడా చదివాను. జమైకా అనే దేశంలో పాటలోంచి గొంతునూ వాయిద్యాలనూ ఒక్కొక్కటే తీసేసి, మిగిలినదాన్ని సాగదీసి మోగిస్తారట. దాన్ని డబ్ అంటారట. వాళ్ళే నీ గురువులట. నా పేరు ఎక్కడా లేదు.

కరుణా, ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఎన్ని చావులకు, ఎన్ని తిరునాళ్ళకు వాయించానో నాకే గుర్తు లేదు. ఏ ఇంట్లోనూ "సిద్ధయ్య వచ్చినాడా" అని అడగలేదు. "పలక వచ్చిందా" అనేవాళ్ళు. ఆ దరువు నాది. మా నాయన నేర్పింది కాదు, ఎవరి దగ్గరా తీసుకున్నది కాదు. నా చేతిలోనే పుట్టింది. నువ్వన్నా నన్ను పేరు పెట్టి పిలుస్తావనుకున్నాను. నువ్వు పలకను కూడా తీసేశావు.

"నువ్వు సరేనంటేనే బయటికి వదులుతాను తాతా" అన్నావు. వద్దు. వదలకు.

కోపం తగ్గని మీ తాత,
సిద్ధయ్య


ఉదయగిరి,
గురువారం.

బంగారు తల్లీ,

నీ జవాబు అందింది. మీ అవ్వ రాహేలమ్మ నా చేత రెండుసార్లు చదివించుకుంది. "నీ పేరు ఎట్లా వేయాలో నిన్నే అడుగుదామని ఆగాను. ఫోన్లో లావు మోత వినపడదు తాతా, పెద్ద బాక్సుల్లో విను" అని రాశావు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. "దరువు నీది, తీసేసే పద్ధతి వాళ్ళది. ఇందులో నాదేముందో నాకే తెలియడం లేదు. నువ్వు వద్దంటే ఇక ఈ పనే మానేస్తాను" అని కూడా రాశావు. అది చదివాక నాకు అన్నం దిగలేదు.

మీ అవ్వ నన్ను ఆత్మకూరు బస్సెక్కించి, తనూ ఎక్కింది. అక్కడ మన యేసుబాబుకు సౌండు సెట్ల అంగడి ఉంది కదా. ఏఎస్ పేట దర్గాలో గంధం ఉత్సవానికి పోయే బాక్సులు లారీకెక్కిస్తున్నారు. యేసుబాబు పని ఆపించి, రెండు బాక్సులు దింపించి, ఫోను తగిలించాడు.

మొదట నేల కదిలింది. తర్వాత నా కడుపులో కదిలింది. గాలి అనుకున్నది గాలి కాదు. దూరంగా, లావుగా ఒకటి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

"చూడు, నా దెబ్బ యాడా ల్యా" అన్నాను.

"నోరు ముయ్యి. కొండ పలకతా ఉండాది, విను" అంది మీ అవ్వ.

విన్నాను. నేను ఒక దెబ్బ వేసి ఆగుతాను. కొండ దానికి మారు పలుకుతుంది. అప్పుడు రెండోది వేస్తాను. నువ్వు నా దెబ్బలన్నీ తీసేసి, కొండ పలికింది మాత్రం ఉంచావు. దెబ్బ ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా నా చెయ్యి నా తొడ మీద పడింది. తల తిప్పి చూస్తే లారీ దగ్గర కూలీ ఒకడు డోరు మీద కొడుతున్నాడు. యేసుబాబు బల్ల మీద కొడుతున్నాడు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అయినా సరిగ్గా నా చోటే పడుతోంది దెబ్బ.

"ఏంది మామా ఇది, చెయ్యి ఆగడంల్యా. ఎవురిది ఈ దరువు?" అన్నాడు యేసుబాబు.

మీ అవ్వే చెప్పింది.

బస్సులో వస్తూ ఆలోచించాను. ఎవరి దగ్గరా తీసుకోలేదని నీకు గొప్పగా రాశాను. అట్లా ఆగడం నాకు నేర్పింది కొండే. కొండ దగ్గర లేని వరికుంటపాడులో వాయించినప్పుడు ఆ ఖాళీలో ఏమీ పలికేది కాదు. అయినా అలవాటుగా ఆగేవాణ్ణి. ఆ జమైకా వాళ్ళకూ ఏదో ఒక కొండ ఉండే ఉంటుంది. వాళ్ళు నీకు గురువులైతే నాకేం నష్టం.

నీదేముందని అడిగావు. మొద్దు ప్రశ్న. ఈ కొండ కింద ఇంతకాలం వాయించి, రెండో దెబ్బ ఎప్పుడు వేయాలా అని చూసుకోవడానికే తప్ప నేను కొండ పలుకును వినలేదు. ఊళ్ళో ఎవరూ వినలేదు. నువ్వు నన్ను పక్కకు జరిపాకే అది వినపడింది. తీసెయ్యడం వాళ్ళు నేర్పి ఉండవచ్చు. ఏది తీసెయ్యాలో చూసుకున్నది నువ్వు. సొంత తాత దెబ్బనే తీసెయ్యడానికి గుండె కావాలి. అది నేను నీకు ఇచ్చింది కాదు, వాళ్ళు ఇచ్చిందీ కాదు.

పాట వదులు. పేర్లు ఇట్లా వెయ్యి. మొదట నీది, తర్వాత నాది. కొండ పేరు నా పేరు కింద వెయ్యి, అది ఏమీ అనుకోదు. మానేస్తానని ఇంకోసారి రాస్తే బెంగళూరు వచ్చి మరీ చెవి మెలేస్తాను.

సెలవు దొరికితే ఆ మిషను తీసుకుని రా. ఇంకోటి వాయిస్తాను. ఈసారి తక్కువ వాయిస్తాను.

నువ్వు దిగే బస్సు కోసం చూస్తూ,
మీ తాత సిద్ధయ్య