అహోబిలం దారం

ఆదివారం, ఆళ్లగడ్డ

మధ్యాహ్నం సంగటి పెడుతూ అమ్మ నా చెయ్యి పట్టుకుని చూసింది.

"అహోబిలంలో కట్టించిన దారం యాడ పోయింది రా?"

"యాడో తెగి పడింటాది మా," అన్నాను. అది లేదని నేనూ అప్పుడే చూశాను.

విమానాలకు మరమ్మతు చేసేటప్పుడు ఉంగరం, గడియారం, దారం ఏదీ ఒంటిమీద ఉండకూడదు. అమ్మను కాదనలేక దాన్ని పొడుగు చేతుల చొక్కా కింద దాచుకునేవాణ్ని. గురువారం హైదరాబాదులో రెక్క లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి, రెక్క అంచు పలకల్ని కదిలించే కేబుల్ బిగించాను, మూత వేసి సంతకం పెట్టాను. పనిముట్లు లెక్కపెడితే సరిపోయాయి. దారం ఆ లెక్కలో లేదు.

నూలుపోగే కదా, ఏం చేస్తుంది? కానీ కేబుల్ తిరిగే చక్రానికి చుట్టుకుంటే... లేదు, స్నానాల గదిలోనే తెగిందేమో. షిఫ్టు ఇన్‌చార్జి నంబరు మూడుసార్లు తీశాను. చెబితే విమానం ఆపుతారు, ఆ తర్వాత నా లైసెన్సు పోతుంది. మూడు రోజులుగా అది జనంతో ఎగురుతూనే ఉంది.

సాయంత్రం అమ్మ ఇంకో దారం తెచ్చి కట్టింది.

"ఈసారి రెండు ముళ్లేసినా. నువ్వు ఇప్పితే తప్ప ఊడదు."

విప్పాలి. ఇంకా విప్పలేదు. ఫోనూ చెయ్యలేదు.